నూకాలమ్మకి దీర్ఘం పెట్టిన మహానుభావులు

కారు చాలా బాగుంది. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే ముసలిదానికి కళ్ళు కుట్టాయంటారు. విజయనగరం ఊరి చివర పెయింటు షెడ్డులో, తెల్లటి లైట్ల కింద, ఎర్రగా నిగనిగలాడుతూ పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టు కూర్చుంది. "ప్రొఫెషనల్‌గా చేయించానప్పా" అన్నాడు మా తమ్ముడు అప్పలరాజు. మా వైపు అక్కని అప్ప అంటారు. ఐసు ఫ్యాక్టరీ ఓనరు, అరవైకి దగ్గరపడ్డవాడు, పరీక్ష పేపరు చేతిలోకి వచ్చిన పిల్లాడిలా నా మొహంలోకి చూస్తున్నాడు. నేను కారు చుట్టూ తిరిగాను. ముందు నుంచి చూశాను, వెనక నుంచి చూశాను, బాగుంది బాగుంది అంటూనే ఉన్నాను. డ్రైవరు వైపు తలుపు దగ్గరికి వచ్చేసరికి నోరు పడిపోయింది. ఆ తలుపు మీద బంగారు రంగులో, శుభలేఖ మీద అచ్చేసినట్టు, ఒక్క వంకర లేకుండా 'నూకాలమ్మ' అని ఉంది. మా అమ్మ పేరు. తప్పు లేకుండా ఉంది. అక్కడే నాకు ఒళ్ళు మండింది.

తప్పు లేకపోతే మండడం ఏమిటని మీరు అడుగుతారు. అడగండి, అందుకే రాస్తున్నాను. మా అయ్యకి చదువు రాదు. బతికినన్నాళ్ళూ వేలిముద్రే. ఆయన తన చేత్తో రాసిన మాట ఒక్కటే ఒక్కటి, అది మా అమ్మ పేరు, అది ఆ కారు తలుపు మీద. అదీ తప్పుగా రాశాడు. నూకాలమ్మ అని రాయబోయి 'నూకలమ్మ' అని రాశాడు, 'కా'కి దీర్ఘం లేకుండా. ఆ తలుపు కాక మా అయ్య చేతిరాత ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు. ఉన్న ఆ ఒక్క చోటా దాన్ని గీకి, కడిగి, తుడిచి, పైన దీర్ఘం పెట్టి మరీ దిద్దారు. బడిలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని నేను. జీవితమంతా ఎర్రసిరాతో పిల్లల రాతలకి దీర్ఘాలు పెట్టినదాన్ని. అలాంటిదాన్ని ఒక దీర్ఘం చూసి ఊగిపోయానంటే నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం ఫర్వాలేదు.

మాది భావనపాడు. సముద్రానికి వీపు తిప్పితే ఇల్లు, ఇంటికి వీపు తిప్పితే సముద్రం. వేటకెళ్ళే కుటుంబానికి స్పోర్ట్స్ కారెక్కడిదని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కొన్నది కాదు, ఎత్తుకొచ్చింది అంతకన్నా కాదు. విజయనగరం వైపు ఏదో మిల్లులో పెద్ద ఇంజినీరు ఒకాయన స్నేహితులతో మా ఒడ్డుకి షికారుకొచ్చాడు. పైకప్పు లేని రెండు సీట్ల కారు, దాన్ని తడి ఇసక మీద పరిగెత్తించాలని ఆయన సరదా. చక్రాలు దిగబడ్డాయి. పోటు వస్తోంది. దొర అటూ ఇటూ గెంతుతున్నాడు గాని కారు కదలడం లేదు. ఇంజను మీదికి కెరటం ఎక్కాక మా అయ్య, చిన్నాన్నలు, పేట మగాళ్ళందరూ వల తాళ్ళు తెచ్చి, పడవని లాగినట్టే హైలేసా అంటూ ఒడ్డుకి లాగారు. ఉప్పునీళ్ళు తాగిన ఇంజను ఎంత తిప్పినా పలకలేదు. ఆ పెద్దమనిషి చక్రాన్ని ఒక తన్ను తన్ని, "నువ్వే ఉంచుకో, దీని మొహం నేను చూడను" అని ఇంకో కారెక్కి వెళ్ళిపోయాడు. తర్వాత కాగితాలు కూడా పంపించేశాడు. మా అయ్యకి మాత్రం కారు ఆయన ఇచ్చినట్టు ఎప్పుడూ లెక్కలేదు. "సముద్రం ఇచ్చినాది" అనేవాడు, ఎవరడిగినా.

సముద్రం ఇచ్చిందానికి పేరు పెట్టకుండా ఉంచకూడదు. ఇది మా పేటలో ఎవరూ మీరని సంగతి. పడవ నీళ్ళలోకి దిగాలంటే దానికి పసుపు రాయాలి, కొబ్బరికాయ కొట్టాలి, ముక్కు మీద ఇంటి ఆడమనిషి పేరో గంగమ్మ పేరో రాయాలి. పేరు లేని పడవలోకి ఎవడూ కాలు పెట్టడు. పడవల మెకానిక్కు ఇంజను విప్పి ఎండబెట్టి బతికించాడు, కారు ఘీంకరించింది, పేటంతా చుట్టూ మూగింది. మా అయ్య మాత్రం ఎక్కడు. "పేరు రాయంది నానెక్కను" అని భీష్మించుకు కూర్చున్నాడు. పడవలకి పేర్లు రాసే పెయింటరు పలాస వెళ్ళి రావడం లేదు. రోజూ కారు చుట్టూ తిరిగి తిరిగి అయ్యకి ఓపిక నశించింది. వంటింట్లోకి వెళ్ళి మా అమ్మ నూకల బస్తా ముందు గొంతుక్కూర్చున్నాడు.

ఆ రోజుల్లో మా ఇంట్లో బియ్యం పండక్కే. మిగతా రోజులన్నీ నూకలే, మిల్లులో విరిగిపోయిన బియ్యపు ముక్కలు. పొద్దున్న నూకల గంజి, మధ్యాన్నం నూకల అన్నం, ఎండుచేపల పులుసు. గోనె మీద నల్లరంగుతో పెద్ద పెద్ద అక్షరాలు ఉండేవి. అది ఏమిటని అయ్య ఎప్పుడో మిల్లువాణ్ణి అడిగితే నూకలు అని చెప్పాడట. మా అమ్మని పేటలో అందరూ నూకాలు అనే పిలుస్తారు. మా అయ్య చెవికి ఆ రెండూ ఒకటే. 'మిల్లోడు కూడా నా పెళ్ళాం పేరే రాసుకున్నాడు' అనుకుని మురిసిపోయిన మనిషి! బస్తా మీద 'నూకలు' చూసి ఇసక మీద దిద్దాడు. చివరి కొమ్ము తీసేశాడు. పక్కింటివాళ్ళ గంగమ్మ పడవ మీంచి ఒక 'మ్మ' పట్టుకొచ్చి తోకలా తగిలించాడు. పడవకి వేయగా మిగిలిన పసుపురంగులో కుంచె ముంచి తలుపు మీద రాశాడు. 'న' కాస్త పడుకున్నట్టుంటుంది, 'క' తలకట్టు మేకు మీద సుత్తి దెబ్బలా అడ్డంగా పడుంటుంది, 'ల' పక్కదాని మీదికి వాలిపోతుంది. రాశాక వెనక్కి తగ్గి చూసుకుని, "నూకాలూ, ఇలారాయే" అని కేకేశాడు. అమ్మ చేపల చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడకీ చదువు రాదు. "నా పేరేనా?" అంది. "నీ పేరే" అన్నాడు. అమ్మ కొంగుతో ఆ పేరు చుట్టూ దుమ్ము తుడిచింది.

ఆ కారు మా ఇంట్లో షోకు వస్తువుగా ఒక్క రోజూ లేదు, అది గుర్తుపెట్టుకోండి. తెల్లారకుండా పడవలు ఒడ్డుకొచ్చేవి. చేపలు ఏరి, గంపలకెత్తి, తడి గోనె కప్పి, ఆ రెండు సీట్ల వెనక ఇరికించేవారు. ముందు అయ్య, పక్కన ఒళ్ళో ఇంకో గంపతో అమ్మ. గంపల మీద నేనూ తమ్ముడూ. నౌపడ ఉప్పుమళ్ళ మీదుగా టెక్కలి సంతకి వెళ్ళేవాళ్ళం. పైకప్పు లేదు కాబట్టి వాన వస్తే తడిసేవాళ్ళం, ఎండ వస్తే మాడేవాళ్ళం, మా వెనక కాకులు ఊరేగింపు వచ్చేవి. పెట్రోలు వాసన, కవ్వళ్ళ చేపల వాసన, అమ్మ తలకి రాసుకున్న కొబ్బరినూనె వాసన కలిసి ఆ సీట్లకి పట్టేశాయి, ఎంత కడిగినా పోలేదు. టెక్కలిలో షావుకార్లు ముక్కు మూసుకుని చూసేవాళ్ళు. తలుపు మీద రాత చదివినవాళ్ళు ఇంకా వేళాకోళం చేసేవాళ్ళు. "ఆ కారెక్కితే భూమ్మీద నూకలు సెల్లినట్టేరా" అని నవ్వేవాళ్ళు. మా అయ్యకి ఆ నవ్వు ఎందుకో తెలియదు. తన కారు చూసి సంతోషపడుతున్నారనుకుని హారను కొట్టి వెళ్ళేవాడు.

నాకు గుణింతాలు వచ్చాక తప్పు కనపడింది. అయ్యతో చెప్పడానికి భయం, ఆయన కోపం మా పేటకే పెద్దది, ఇప్పుడు నాలో ఉన్నది అందులో చిన్న ముక్క. అమ్మతో చెప్పాను. "అమ్మా, అది నీ పేరు కాదు. నూకలు అని ఉన్నాది. తినే నూకలు." అమ్మ చేప కోస్తున్న కత్తి ఆపింది. "మరి నా పేరుకి ఏటి కావాల?" అంది. దీర్ఘం కావాలి, అయ్య దాని బదులు తలకట్టు పెట్టాడు అన్నాను. తలకట్టు అన్న మాట వినగానే అమ్మకి నవ్వు ఆగలేదు. మా అయ్య తలకి ఎప్పుడూ తువ్వాలు చుట్టే ఉండేది. "ఆయనకీ తలకట్టే, ఆయన రాతకీ తలకట్టే! ఓలమ్మ ఓలమ్మ!" అని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు ఒత్తుకుని, "నూకలే కదే మనల్ని సాకినాయి. ఉండనీ. ఆయనతో అనకే" అంది. నేను అనలేదు.

అన్నవాడు తమ్ముడు. టెక్కలి హైస్కూల్లో వాణ్ణి 'నూకలోడా' అని పిలిచేవారు. రోజూ ఎవడితోనో కొట్టుకుని చొక్కా చింపుకుని వచ్చేవాడు. ఒకరోజు ఏడుస్తూ వచ్చి అయ్య మీద విరుచుకుపడ్డాడు, "నీకు సదువు రాకపోతే ఏల రాసినావు? తప్పు రాసినావు, ఊరంతా నవ్వుతన్నారు" అని. ఇంకేముంది, ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాను. అయ్య వల అల్లుతున్న చెయ్యి ఆపలేదు. "నానెవరి పేరు రాసినానో దానికి తెలుసు. నవ్వేవోళ్ళకేటి తెలుసు?" అన్నాడు. అంతే. ఏటా వేట ఆపే రోజుల్లో పడవలన్నీ ఒడ్డుకి లాగి రంగులేసేవారు, ఆ వరసలోనే కారూ ఉండేది. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా పడవ రంగే వేసేవాడు, అదే నీలం, పైన అదే పసుపు. పాత పేరు రంగు కింద కప్పబడిపోయేది, ఆ పైన మళ్ళీ రాసేవాడు. ఎవరూ చూపించక్కర్లేదు, బస్తా అక్కర్లేదు. అదే పడుకున్న 'న', అదే సుత్తి దెబ్బ తలకట్టు. అమ్మ పోయిన ఏడాది కూడా రాశాడు. ఆ తర్వాత కారు నడపలేదు గాని, రంగెయ్యడం, పేరు రాయడం తను పోయేదాకా మానలేదు.

ఇప్పుడు షెడ్డులోకి రండి. నా మొహం చూసి పని నచ్చలేదని షెడ్డు మేనేజరు అనుకున్నట్టున్నాడు, మర్యాదస్తుడు, చేసిన పని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. "మొత్తం బేర్ మెటల్‌కి తీసుకెళ్ళాం మేడమ్. రస్ట్ కటింగ్, ప్రైమర్, బూత్‌లో స్ప్రే, క్లియర్ కోట్, పాలిష్. కలర్ కూడా కంపెనీ ఒరిజినల్. ఇదివరకు ఎవరో పడవ పెయింటు కొట్టేశారు మేడమ్, పాపం, తెలీక." పాపం, తెలీక! నేను పళ్ళు బిగించాను. ఒరిజినలంట. తన్నేసి పోయినవాడి రంగు ఒరిజినలు. జీవితాంతం మురిపెంగా వేసుకున్నవాడి రంగు పడవ పెయింటు. ఆయన ఆగితే బాగుండేది. ఆగలేదు. "భలే విచిత్రం మేడమ్, ఆ డోరు శాండింగ్ చేస్తుంటే ఒక లేయర్ కింద ఇంకో లేయర్, ప్రతి లేయర్‌లోనూ అదే పేరు. నవ్వుకున్నాం మేము. ఎన్ని లేయర్లు గీకినా ప్రతిదాంట్లోనూ అదే స్పెల్లింగ్ మిస్టేక్!"

నేను అరిచాను. ఏం అరిచానో వరసగా గుర్తులేదు. షెడ్డులో మిషన్లు ఆగిపోయాయి, అది గుర్తుంది. "అన్ని సార్లు కనపడితే ఒక్కసారైనా చెయ్యి ఆగలేదా మీకు?" అన్నాను. మేనేజరు నోరు తెరిచి తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆళ్ళనేటి అంటావు? దిద్దమన్నాను, నానే అన్నాను" అన్నాడు. ఏలరా అన్నాను. "పాత కార్ల ఎగ్జిబిషన్‌లో పెడతన్నాను కదప్పా. ఎక్కడెక్కడి పెద్దోళ్ళో వస్తారు. తలుపు సూసి అయ్యని నవ్వుతారు. నా సిన్నప్పుడంతా నవ్వినారు, నీకు తెల్దేటి? నువ్వు ఆడపిల్లల బడికెళ్ళినావు, నిన్నెవలూ నూకలదానా అన్నేదు. ఇక మీద అయ్యని ఎవడూ నవ్వకూడదనే కదా ఇంత సేసినాను!" నాకు జాలి వేయలేదు. వాడి బాధ నిజమే, నాకు తెలుసు. కాని వాడు తుడిచింది వాడి ఒక్కడిదీ కాదు.

"ఒరే, అయ్య ఇంకెక్కడ రాసినాడ్రా? సూపించు. గోడ మీదా? కాయితం మీదా? ఒక్కటి సూపించు" అన్నాను. ఆ క్షణం దాకా వాడికి ఆ ఆలోచనే తట్టలేదని మొహం చూస్తే తెలిసింది. మధ్యలో మేనేజరు, "ఫోటో ఉంది మేడమ్, బిఫోర్ ఫోటో. దాన్నిబట్టి సేమ్ టు సేమ్ స్టిక్కర్ కొట్టించేస్తాం" అన్నాడు. ఫోన్‌లో చూపించాడు. ఫ్లాష్ వెలుతురు పడి అక్షరాలు సగం తెల్లబడిపోయాయి. స్టిక్కరంట! మనిషి పోయాక ఫ్లెక్సీ కట్టినట్టు. ఇప్పుడన్నీ ఇంతే కదా, దేనికైనా సేమ్ టు సేమ్ దొరుకుతుంది. మా రోజుల్లో తప్పు కూడా ఒక మనిషిది. ఎవరు రాసిన తప్పో చూడగానే తెలిసేది. నా క్లాసులో పిల్లల తప్పుల్ని బట్టే వాళ్ళ పేర్లు చెప్పేదాన్ని. ఇప్పుడు ఒప్పులన్నీ ఒకే మిషన్లోంచి వస్తున్నాయి, చదివితే ఎవరూ కనపడరు.

తమ్ముడే ఒక సన్న కుంచె అడిగి తెచ్చాడు. "నువ్వు రాయప్పా, నీకు గుర్తుంటాది" అన్నాడు. అట్టముక్క మీద రాశాను. నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రంగా వచ్చింది, టీచరు రాత. తలకట్టు అడ్డంగా కొట్టాను, అయినా అది వంకరగా రాయాలని రాసిన వంకర. వాడు లాక్కుని రాశాడు. చెక్కుల మీద సంతకాలు పెట్టీ పెట్టీ వాడి చెయ్యి పరిగెత్తడమే గాని నిలవడం మర్చిపోయింది. ఇద్దరం అట్టలు పాడుచేస్తూ కూర్చున్నాం. చదువు వచ్చిన చెయ్యి అలా రాయలేదు. అక్షరం అంటే ఏమిటో తెలియనివాడు, పేరు మాత్రమే తెలిసినవాడు రాసిన రాత అది. "రావట్నేదప్పా" అన్నాడు తమ్ముడు. "రాదురా. ఆ బంగారం రాత తీసేయించు. ఏమీ ఉంచకు, ఖాళీగా ఉండనీ. తప్పుడు ఒప్పు కన్నా ఖాళీ నయం" అని లేచి వచ్చేశాను. బస్టాండు దాకా కారులో దింపుతానన్నాడు. నేను ఆటో ఎక్కాను.

తర్వాత వాడి ఫోన్లు ఎత్తలేదు. ఎత్తి ఏమనాలో తెలియక కాదు, అనవలసినవి ఎక్కువై. ఎగ్జిబిషన్ అయిన సాయంత్రం మాత్రం ఎందుకో ఎత్తాను. వాడి గొంతు బొంగురుపోయింది, ముందు ఎవరో అనుకున్నాను. జలుబేటిరా అన్నాను.

"జలుబు కాదప్పా, అరిసీ అరిసీ పోయినాది. తలుపు మీద రాత తీసేయించినాను, ఖాళీగానే పెట్టినాను. ఇక్కడ ప్రతి కారు ముందూ కార్డు పెడతన్నారు. ఓనరు పేరు, కారు పేరు. నూకలమ్మ అని సెప్పినాను. ఆ కంప్యూటరు కాడ కూసున్నోడు నూకాలమ్మ అని కొట్టీసినాడు. దీర్ఘం నేదయ్యా అన్నాను. అది తప్పండీ అన్నాడు. మళ్ళీ కొట్టమన్నాను. మళ్ళీ దీర్ఘమే. ఆడి పైవోణ్ణి పిలిసినాను, ఆడూ తప్పండీ అన్నాడు. అప్పుడు లేసింది నాకు. మా అయ్య రాసింది దిద్దడానికి నువ్వెవుడివిరా అన్నాను. అందరూ వచ్చీసినారు. దీర్ఘం తీసేదాకా కారు తియ్యను, ఎవణ్ణీ కదలనివ్వనని దారికి అడ్డంగా కారు పెట్టి నిలబడ్డాను."

"తీసినారా?"

"తీసినారు. పెట్టినారు. సదివినోళ్ళందరూ నవ్వినారప్పా."

"నువ్వేటి సేసినావు?"

"పక్కనే నిలబడ్డాను." అవతల ఎవరిదో హారను మోత వినపడుతోంది. తర్వాత చిన్నప్పుడు చొక్కా చింపుకుని వచ్చినప్పటి గొంతుతో అడిగాడు, "అప్పా, ఇప్పుడైనా నీ కోపం తగ్గినాదేటి?"

అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "నేదు" అన్నాను.

"నాకూ తగ్గట్నేదు" అన్నాడు వాడు.